టెట్రాపాడ్ నాలుగు కాళ్లకీ నాలుగేసి గుంటలు

ఆంధ్రప్రదేశ్ మారిటైమ్ బోర్డు అధికారులకు, మత్స్యశాఖ పెద్దలకు, హార్బర్ల డ్రాయింగులు గీసే కన్సల్టెంట్లకు నమస్కారం.

నేను కాస్టింగ్ యార్డు మనిషిని, అంటే కాంక్రీటు దిమ్మలు పోసే చోటు. విశాఖకి ఉత్తరాన ఒక జాలరి పల్లెలో పుట్టాను. నాన్న వేటకి వెళ్లేవాడు, నేను సివిల్‌లో డిప్లొమా చేసి కాంక్రీటు వైపు వచ్చాను. పద్నాలుగేళ్లుగా సముద్రంలోకి దించే దిమ్మల క్వాలిటీ చూడటమే నా పని. క్యూబులు విరగ్గొట్టి బలం చూడాలి, అచ్చు విప్పాక దిమ్మ చుట్టూ తిరగాలి, బాగుంటే నంబరు వేయాలి, బాగోకపోతే ఎర్ర పెయింటుతో అడ్డగీత కొట్టాలి. ఈ ఉత్తరం అలాంటి ఒక ఎర్రగీత దిమ్మ వల్ల రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట ఒక సైట్లో టెట్రాపాడ్లు, అంటే అలల్ని ఆపే నాలుగు కాళ్ల కాంక్రీటు దిమ్మలు పోస్తున్నాం. ఒకరోజు పోత మధ్యలో, కాంక్రీటుని కుదిపి అచ్చులో సర్దే వైబ్రేటర్ ఆగిపోయింది. మర్నాడు అచ్చు విప్పేసరికి మూడు కాళ్లు నున్నగా వచ్చాయి, నాలుగోది జల్లెడలా ఉంది. మేం దాన్ని హనీకూంబ్ అంటాం. సిమెంటు పాలు సరిగా దిగక కంకర పళ్లు బయటికి కనిపిస్తుంటాయి, మధ్యలో బొక్కలు. నేను ఎర్రగీత కొట్టాను. సైట్ ఇన్‌ఛార్జికి ఒళ్లు మండింది. పగలగొట్టే తీరిక లేక క్రేన్‌తో ఎత్తించి యార్డు చివర నీళ్లంచున పడేయించాడు. పోటుకి సగం మునుగుతుంది, పాటుకి బయటపడుతుంది. అందరం మరిచిపోయాం.

రెండేళ్ల తర్వాత చిన్నాన్నతో కలిసి అటు వెళ్లాల్సి వచ్చింది. నున్నటి కాళ్ల మీద పాకుడు తప్ప ఏమీ లేదు. జల్లెడ కాలి మీద మాత్రం సంత జరుగుతోంది. బొక్కకో నత్త దూరి ఉంది. పడవల అడుక్కి పట్టే తెల్ల గుల్లలు, అదే బార్నకిల్స్, కంకర పళ్ల మధ్య వరసకట్టాయి. ఒక పెద్ద బొక్కలో అరచేతిలో పట్టేన్ని నీళ్లు నిలిచాయి. అందులో వేలిగోరంత పీత. నేను వంగేసరికి అది రెండు డెక్కలూ పైకెత్తి నాతో యుద్ధానికి దిగింది.

చిన్నాన్న దిమ్మ చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఒరే, నువ్వు పనికిరాదన్న కాలి మీదే ఇవన్నీ కాపురం పెట్టాయేట్రా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అపార్థం చేసుకోవద్దు. హనీకూంబ్ మంచిదని నేను అనను. పెద్ద అల ఒకటి సరిగ్గా తగిలితే ఆ కాలు విరుగుతుంది. నా ఎర్రగీత ఆ రోజూ సరైనదే, ఈ రోజూ సరైనదే. ఒక్క దిమ్మని చూసి సైన్సు చెప్పకూడదని కూడా తెలుసు. కానీ ఆ రోజు నుంచి నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. ఆ బొక్కలు పొరపాటున కాకుండా కొలత ప్రకారం వచ్చాయనుకోండి. ఎక్కడ ఉండాలో, ఎంత లోతు ఉండాలో మనమే నిర్ణయించి అచ్చులోనే పెట్టామనుకోండి. దిమ్మ బలం దిమ్మకి ఉంటుంది, పీతకి ఇల్లు దొరుకుతుంది. స్వామికార్యం, స్వకార్యం రెండూ అవుతాయి. దీని గురించి చదవడం మొదలుపెట్టాక తెలిసిందేమిటంటే, ప్రపంచంలో చాలాచోట్ల దీన్ని ఇప్పటికే చేస్తున్నారు. మన టెండర్లలో మాత్రం నేను ఎక్కడా చూడలేదు.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, మన తీరం మీద ఇన్ని పనులు ఒకేసారి ఎప్పుడూ లేవు. జువ్వలదిన్నె, నిజాంపట్నం, మచిలీపట్నం, ఉప్పాడ ఫిషింగ్ హార్బర్లు మొదటి విడత అన్నారు. బుడగట్లపాలెం, పూడిమడక, బియ్యపుతిప్ప, కొత్తపట్నం, ఓడరేవు తర్వాతి విడత. రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట పోర్టులు వేరే. వీటిలో నేరుగా సముద్రం మీదికి ఉన్న ప్రతిచోటా రాళ్లు, దిమ్మలు పడతాయి. ఒకసారి పడ్డాక యాభై ఏళ్లు కదలవు, కదలకూడదు కూడా. మన తీరం 974 కిలోమీటర్లని బళ్లో చదువుకున్నాం, కొత్త కొలతల్లో అది 1,053 అయింది. అందులో సహజంగా రాయి ఉన్నది విశాఖ, భీమిలి చుట్టుపక్కలా, ఉత్తరాంధ్రలో ఇంకొన్ని ముక్కలూ. మిగతాదంతా ఇసుక, మడ, బురద. అలాంటి చోట మనం కట్టే బ్రేక్‌వాటర్, అదే అలల్ని ఆపే కట్ట, అంటే లేని కొండని తెచ్చి నీళ్లలో పెట్టడమే. దాని మీద ఏదో ఒకటి వచ్చి చేరక మానదు. ఏం చేరుతుందో కాస్త మన చేతుల్లో ఉంది.

నిజానికి మన దగ్గర బ్రేక్‌వాటర్ అంటే మొదటినుంచీ ఏదో ఒకటి అడ్డం వేయడమే. 1933లో తెరిచిన విశాఖ హార్బర్ కోసం జేనస్, వెల్లెడ్సన్ అని రెండు పాత ఓడల్ని ముఖద్వారం దగ్గర ముంచేశారు, అలల్ని అవి ఆపుతాయని. ఈ రోజుల్లో అలా అడిగితే ఎన్ని అనుమతులు కావాలో! 1970ల్లో ఔటర్ హార్బర్ వచ్చాక రాళ్ల కట్టలు, టెట్రాపాడ్లు మామూలయ్యాయి.

టెట్రాపాడ్ సంగతి కాస్త చెప్పాలి. 1950లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఒక ల్యాబ్ ఇంజినీర్లు ఆ ఆకారాన్ని పుట్టించారు. అల వచ్చి గోడకి గుద్దుకోకుండా, కాళ్ల సందుల్లో దూరి దూరి అలసిపోవాలన్నది ఆలోచన. అందుకే టెట్రాపాడ్ల పొరలో ఇంచుమించు సగం ఖాళీయే. బయటివాళ్లు చూస్తే ఇన్ని సందులుంటే చేపలకి పండగే కదా అనుకుంటారు. కానీ దిమ్మలన్నీ ఒకే సైజు కాబట్టి సందులూ ఒకే సైజు. పది టన్నుల దిమ్మల మధ్య మనిషి పడిపోయేంత సందు ఉంటుంది. గాలం వేయడానికి వెళ్లి అలా పడిపోయినవాళ్లు ఉన్నారు, ఆ బాధ మళ్లీ వేరే. అంత సందులో బెత్తెడు చేపపిల్ల దాక్కోలేదు, దాని వెనకే దాన్ని తినే చేప కూడా దూరుతుంది. రాతిరొయ్య పిల్లకి దాని ఒంటికి సరిపోయే బిలం కావాలి. అసలైన రాతి తీరంలో వేలు పట్టే సందు నుంచి మనిషి పట్టే గుహ దాకా అన్ని సైజులూ ఉంటాయి. మన కట్టలో పైన పెద్ద సందులు, లోపల కోర్‌లో బిగిసిపోయిన క్వారీ రాయి. మధ్య సైజులు లేవు.

రెండోది నీళ్లు నిలవకపోవడం. సహజమైన రాతి మీద పాటు వేళ కూడా గుంటల్లో నీళ్లుంటాయి. మంగమారిపేట దగ్గర రాతి తోరణం కింద నీళ్లు దిగినప్పుడు తిరిగినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, ఆ గుంటలే ఒక్కొక్కటి ఒక్కో అక్వేరియం. మన దిమ్మ మీద పడ్డ నీరు పడ్డట్టే జారిపోతుంది. ఇక్కడ పున్నమి, అమావాస్యలకి కూడా పోటుకీ పాటుకీ తేడా సుమారు 1.4 మీటర్లే. అంటే ఎంత పెద్ద కట్ట కట్టినా, మునిగి తేలే పట్టీ అంతే. ఖర్చు పెట్టాల్సింది ఆ పట్టీ మీదా, దాని కింద రెండు మూడు మీటర్ల మీదా, అడుగున కట్ట పాదం దగ్గరా. మొత్తం కట్టని మార్చమని ఎవరూ అడగడం లేదు.

బయటి దేశాల్లో ఏం చేశారంటే, పోర్చుగల్‌కి చెందిన అజోర్స్ దీవుల్లో ఒక సముద్రపు గోడకి డ్రిల్‌తో చిన్న చిన్న బొక్కలు పెట్టారు. వెడల్పు కొన్ని 12 మిల్లీమీటర్లు, కొన్ని 24 మిల్లీమీటర్లు. అక్కడివాళ్లు తినే ఒక రకం నత్త, మితిమీరి ఏరుకోవడంతో తగ్గిపోయింది. అది ఆ బొక్కల్లో చేరి పెరిగింది. వేల్స్‌లో టైవిన్ అనే ఊళ్లో గ్రానైట్ బ్రేక్‌వాటర్ రాళ్లకి 15 సెంటీమీటర్ల వెడల్పు గుంటలు తొలిచారు, కొన్ని 5 సెంటీమీటర్ల లోతు, కొన్ని 12. ఏడాదిన్నర పాటు లెక్కపెట్టి చూస్తే, పక్కనున్న సహజమైన రాతిగుంటల్లో ఎన్ని రకాల జీవులున్నాయో వీటిలోనూ ఇంచుమించు అన్ని రకాలు చేరాయి. అదంతా ఒక కోర్ డ్రిల్లింగ్ మెషీన్‌తో అయిన పని. ఆ మెషీన్ మన ప్రతి సైట్లోనూ ఉంటుంది, రోడ్డులోంచి గుండ్రటి ముక్క తీసి నాణ్యత చూడటానికి వాడతాం.

పెద్ద ఎత్తున చేసింది న్యూయార్క్. 2012లో శాండీ తుపాను స్టాటెన్ ఐలాండ్‌ని చితక్కొట్టాక అక్కడ తీరానికి కాస్త దూరంగా ఎనిమిది బ్రేక్‌వాటర్లు కట్టారు, అన్నీ కలిపి 2,400 అడుగులు, 2024కి పూర్తయ్యాయి. స్కేప్ అనే డిజైన్ సంస్థ గీసింది. కట్ట ముందువైపు వేళ్లలా రాతి గట్లు చాచి, గట్టుకీ గట్టుకీ మధ్య సన్నటి సందుల్ని వదిలారు. వాళ్లు వాటిని వీధులంటారు, చేపపిల్లలు తిరిగే వీధులు. కొన్ని దిమ్మల ఉపరితలాన్ని కావాలనే గరుకుగా, గుంటలతో పోశారు. దానికి 11 కోట్ల డాలర్ల పైనే అయింది. మనకి అంత హంగు అక్కర్లేదు. వాళ్ల డబ్బు వాళ్లది, నాకు నచ్చింది ఆ వీధుల ఆలోచన. కట్ట పాదం దగ్గర రాళ్లని ఒకే సైజులో పరవకుండా, నాలుగైదు సైజులు కలిపి అక్కడక్కడా కుప్పలుగా వేస్తే మనకీ వీధులొస్తాయి. క్వారీ నుంచి అన్ని సైజులూ ఎలాగూ వస్తాయి, పనికిరావని పక్కన పడేసేవి కూడా.

ఇప్పుడు మీలో స్ట్రక్చరల్ ఇంజినీర్లు అడిగే మొదటి ప్రశ్న నాకు తెలుసు. గుంటలు పెడితే దిమ్మ బరువు తగ్గదా? లెక్క వేసి చూపిస్తాను. 15 సెంటీమీటర్ల వెడల్పు, 12 సెంటీమీటర్ల లోతు గుంటలో పోయే కాంక్రీటు ఐదు కిలోలు. కాలికి నాలుగు చొప్పున నాలుగు కాళ్లకీ పదహారు గుంటలు, 80 కిలోలు. పది టన్నుల దిమ్మలో అది నూటికి ఒక వంతు కూడా కాదు. అచ్చుని ఆ మేరకు పెంచితే సరిపోతుంది. అల ఎత్తు రెట్టింపైతే దిమ్మ బరువు ఎనిమిది రెట్లు కావాలన్న సూత్రంతో కుస్తీపట్టే మీకు ఈ 80 కిలోలు ఒక లెక్కా?

అయితే బరువు కంటే అసలు భయం విరగడం. ఈ దిమ్మల్లో మామూలుగా ఇనుము ఉండదు. గుంట పెడితే చువ్వ తుప్పు పడుతుందన్న గొడవ అందుకే లేదు, కానీ లాగుడుకి తట్టుకునేది కూడా ఏమీ ఉండదు. 1978లో పోర్చుగల్‌లోని సీనెస్ (Sines) రేవులో డోలోస్ అనే మెలితిప్పిన H ఆకారపు 42 టన్నుల దిమ్మలు కాళ్లు విరిగి కట్ట కూలిపోయింది. టెట్రాపాడ్ అయినా కాలు మొదట్లోనే విరుగుతుంది. కాబట్టి గుంటలు మొదట్లో వద్దు, కాలి మధ్య నుంచి కొస వైపు ఉండాలి, ఒకదానికొకటి ఎడంగా ఉండాలి. నా మాట నమ్మక్కర్లేదు. పుణె దగ్గర కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం ఉంది, మద్రాస్ ఐఐటీలో రేవుల పరిశోధన కేంద్రం ఉంది. ప్రతి హార్బర్ మోడల్‌నీ ఎలాగూ అక్కడ అలల తొట్టిలో పెట్టి చూస్తారు. అదే తొట్టిలో గుంటల దిమ్మల్ని కూడా పెట్టి చూడమనండి.

నాలుగు కాళ్లకీ ఎందుకంటారా? టెట్రాపాడ్ నీళ్లలో ఎటు తిరిగి కూర్చుంటుందో క్రేన్ ఆపరేటర్‌కి కూడా తెలీదు. ఒక కాలికే పెడితే ఆ కాలు కిందికి పోతుంది, మన ఖర్మ. నాలుగింటికీ ఉంటే ఎలా పడ్డా కొన్ని గుంటలు నీళ్లు పట్టేలా పైకి ఉంటాయి, కొన్ని నీడలో పక్కకి ఉంటాయి.

ఆ నీడ గురించి గట్టిగా చెప్పాలి. వేల్స్ కొలతల్ని తెచ్చి యథాతథంగా మన డ్రాయింగులో అతికిస్తే పని చెడుతుంది. మే నెల మధ్యాహ్నం పాటు వేళ కాంక్రీటు మీద చెప్పుల్లేకుండా నిలబడి చూడండి. నాకిది అనుభవం మీద తెలిసింది. మిగిలిపోయిన కాంక్రీటుతో ఒక చిన్న దిమ్మ పోసి, అచ్చు లోపల కొబ్బరి చిప్పలు బోర్లించి కట్టాను. మొదటిది ఊడి రాలేదు, ఉలితో కొట్టి తీశాను. రెండోదానికి గ్రీజు రాస్తే చక్కగా వచ్చింది. గుంట ముచ్చటగా ఉంది. తీసుకెళ్లి నీళ్లంచున పెట్టాను. జనవరిలో అందులో నత్తలు చేరాయి, మేలో వెళ్లి వేలు పెడితే నీళ్లు టీ అంత వేడిగా ఉన్నాయి, నత్తలు లేవు. చిప్ప లోతు చాలలేదు. తర్వాత స్నానాల మగ్గు వాడాను. నవ్వకండి, అడుగు సన్నం, మూతి వెడల్పు, అచ్చులోంచి సులువుగా ఊడుతుంది, లోతు కూడా సరిపోతుంది. మన ఎండకి లోతైన గుంటలు కావాలి, ఎక్కువ భాగం నీడపట్టున ఉండాలి. ఇంకోటి, వానాకాలం చివర్లో గోదావరి, మహానది లాంటి నదుల వరదనీరు కలిసి మన తీరంలో పై నీటి ఉప్పదనం బాగా తగ్గిపోతుంది. ఆ రెంటినీ ఓర్చుకునే మన జీవులేవో మన దగ్గరే చూసి కొలత తేల్చాలి. ఆంధ్రా యూనివర్సిటీలో ఈ తీరపు జీవుల మీద దశాబ్దాలుగా పనిచేస్తున్నవాళ్లున్నారు. వాళ్లని డిజైన్ అయిపోయాక సంతకం కోసం కాకుండా, గీయడానికి ముందే పిలవండి.

సిమెంటు మాట కూడా చెప్పేస్తాను, ఇది మనకి బాగా కలిసొచ్చేది. కొత్త కాంక్రీటు క్షారం, పీహెచ్ 12 పైన ఉంటుంది. సముద్రపు నీరు 8 దగ్గర. అంత ఘాటు ఉపరితలం మీద మొదట్లో నిలబడగలిగేవి తక్కువ. స్లాగ్, అంటే ఇనుము కరిగించగా మిగిలే చిట్టెం, ఎక్కువ కలిపిన సిమెంటుతో ఆ ఘాటు తగ్గుతుంది. పైగా ఉప్పునీటికి తట్టుకుంటుంది, పెద్ద దిమ్మ లోపల వేడి కూడా తక్కువ పుడుతుంది. ఆ స్లాగ్ మన విశాఖ ఉక్కు కొలుముల్లోనే తయారవుతోంది. అయినా కాంట్రాక్టర్లకి ఇష్టం ఉండదు, ఎందుకంటే బలం నెమ్మదిగా వస్తుంది, అచ్చు విప్పడానికి ఇంకొంత ఆగాలి. ఆ రెండు రోజుల కోసం మా మీద పడే టెన్షన్ మీకు తెలీదు. షెడ్యూల్లోనే ఆ టైము ఇస్తే ఎవరూ పేచీ పెట్టరు.

ఇప్పుడు నా వాదనకి నేనే అడ్డం చెప్పుకుంటాను, ఎవరో చెప్పేదాకా ఎందుకు. గట్టి గోడ, గరుకు గోడ మన జీవులకే కాదు, ఎక్కడినుంచో ఓడలతో వచ్చే జీవులకీ నచ్చుతుంది. నల్లచారల చిప్ప ఒకటుంది, మైటిలాప్సిస్ సాలీ. పుట్టిల్లు మధ్య అమెరికా వైపు. మన దేశంలో అది మొదట కనిపించింది మన విశాఖ హార్బర్‌లోనే, 1967లో. తర్వాత ముంబై వైపూ చేరింది. అదే చిప్ప 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో పడవల రేవుల్లో కనిపిస్తే వాళ్లు రేవులకి రేవుల్ని మూసేసి, నీళ్లలో క్లోరిన్, మైలుతుత్తం కలిపి మొత్తం చంపేశారు. దాంతోపాటు అక్కడున్నవన్నీ చచ్చాయి, అయినా వెనకాడలేదు. ఆ చిప్ప అంటే అంత భయం. కాబట్టి గుంటలు ఓడలు ఆగే లోపలి వైపు వద్దు. అక్కడ నీరు కదలదు, డీజిల్ మరకలు, చెత్త. అల తగిలే బయటివైపు మాత్రమే పెట్టండి. ఏటా ఒకసారి ఆ చిప్ప వచ్చిందేమో చూసే మనిషిని పెట్టండి.

ఇంకో అడ్డం దీనికంటే పెద్దది. నేను ఈ ఉత్తరం రాయాలా వద్దా అని ఆలోచించింది దీని గురించే. గుంటల దిమ్మలు పెట్టాం, జీవులకి ఇల్లిచ్చాం అని చెప్పి, అవసరం లేని చోట కూడా గోడలు కట్టేస్తారేమో. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లు మన దగ్గర తక్కువా? మన తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. అడ్డంగా కట్ట వేస్తే దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన ఊరు కోసుకుపోతుంది. ఔటర్ హార్బర్ తర్వాత రామకృష్ణా బీచ్ సంగతి విశాఖలో అందరికీ తెలిసిందే, ఇప్పటికీ ఇసుక తోడి తెచ్చి పోస్తూనే ఉన్నారు. పుదుచ్చేరిలో 1980ల చివర్లో హార్బర్ కట్టలు వేశాక ఊరి ముందు బీచ్ మాయమైంది, రాళ్లే మిగిలాయి. 2018లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నీళ్లలో ఒక ఉక్కు దిబ్బని దించాక మళ్లీ కాస్త ఇసుక చేరింది. ఉప్పాడలో మా పిన్ని వాళ్ల వీధి ఇప్పుడు నీళ్లలో ఉంది. అక్కడ కారణాలు ఒకటి కాదు, గోదావరి ఒండ్రు తగ్గడం, హోప్ ఐలాండ్ పెరగడం, ఇంకా చాలా ఉన్నాయి. కానీ పిన్నికి కారణాలతో పనేముంది? ఇల్లు పోయింది.

ఆ ఇసుక మనకే కాదు, ఆలివ్ రిడ్లీ తాబేళ్లకీ కావాలి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిళ్లు వచ్చి మన ఇసుకలోనే గుడ్లు పెడతాయి. పిల్లలు బయటికొచ్చాక వెలుతురు ఉన్న వైపు నడుస్తాయి. సముద్రం మీది మసక వెలుగుని చూసి వెళ్లాల్సినవి, హార్బర్ ఫ్లడ్‌లైట్లు చూసి ఊళ్లోకి వస్తాయి, కుక్కల పాలవుతాయి. దిమ్మకి ఎన్ని గుంటలు పెట్టినా తాబేలుకి ఒక్క గుప్పెడు ఇసుక రాదు. ఒకరి ఇల్లు కూల్చి ఇంకొకరికి ఇల్లు కట్టాం అని పర్యావరణ నివేదికలో జమాఖర్చు రాయడానికి వీల్లేదు. నేను అడిగేది ఇంతవరకే: కట్ట ఎలాగూ తప్పదని తేలిన చోట, ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి దాటించే ఏర్పాటు ఎలాగూ చేశాక, ఆ కట్ట ఒట్టి గోడగా మిగలకుండా చూడండి. లైట్లకి తొడుగులు పెట్టి కాంతిని కిందికే దించండి, గుడ్ల సీజన్లో సముద్రం వైపువి ఆర్పేయండి.

ఇవన్నీ జరగాలంటే సర్క్యులర్లు చాలవు. డ్రాయింగులో లేనిది టెండర్‌లో ఉండదు, టెండర్‌లో లేనిది బిల్లులో ఉండదు, బిల్లులో లేనిది సైట్లో ఉండదు. నాలాంటివాడు సొంత ఇష్టంతో మగ్గులు కడితే ఇన్‌ఛార్జి వచ్చి పీకించేస్తాడు, అతని తప్పు కూడా కాదు. కాబట్టి పరిమాణాల పట్టికలో ఒక వరస రాయండి: మునిగి తేలే పట్టీలో వేసే దిమ్మలకి గుంటల అచ్చు, దిమ్మకి ఇంత. ఆ దిమ్మలకి వేరే రంగు నంబరు ఇవ్వండి, ఏది ఎక్కడ దించారో రిజిస్టరులో ఉండాలి. కట్టలో ఒక యాభై మీటర్లు మామూలు నున్నటి దిమ్మలతోనే వదిలేయండి. పోల్చి చూడటానికి అది కావాలి, లేకపోతే ఐదేళ్ల తర్వాత ఎవరికి తోచింది వాళ్లు చెప్తారు. పని మొదలుపెట్టకముందే అక్కడి నీళ్లలో ఏమున్నాయో ఒకసారి రాసిపెట్టుకోండి.

మత్స్యశాఖ పెద్దలకి ఒక మాట. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద చేపల కోసం సముద్రంలో కాంక్రీటు దిబ్బలు దించుతున్నారు. ఆ డిజైన్లు కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థవి, త్రికోణాలు, గొట్టాలు, బావి ఒరల్లాంటివి. మంచి పని. అయితే ఒక శాఖ చేపల కోసం కాంక్రీటు దించుతుంటే, కొన్ని మైళ్ల దూరంలో ఇంకో శాఖ దానికి వందల రెట్లు కాంక్రీటు దించుతూ చేపల సంగతి తలవకపోతే ఎలా? ఇద్దరూ ఒక్క పూట ఒకే టేబుల్ దగ్గర కూర్చోండి. ఆ టేబుల్ దగ్గర చిన్నాన్న లాంటివాళ్లనీ ఇద్దరిని కూర్చోబెట్టండి. ఏ రాతి దగ్గర ఏ నెలలో ఏ చేప పిల్లలు పెడుతుందో వాళ్లకి నోటికి వచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో ఎలాగూ ఖాళీగానే ఉంటారు.

ఆ ఎర్రగీత దిమ్మ ఇంకా అక్కడే ఉంది. మీలో ఎవరైనా వస్తానంటే నేనే తీసుకెళ్లి చూపిస్తాను. అమావాస్యకో పున్నమికో నీళ్లు బాగా దిగినప్పుడు రావాలి. పాకుడు మీద చెప్పులు జారతాయి, బూట్లు వేసుకుని రండి. నా గీత సగం చెరిగిపోయింది, దాని మీద కూడా గుల్లలు పట్టాయి.

ఇట్లు,
ఒక కాస్టింగ్ యార్డు క్వాలిటీ ఇన్‌స్పెక్టర్,
విశాఖపట్నం